వణుకు ఎక్కడికి పోతుంది

ఉద్యోగానికి మనిషిని చూడటంలోనూ, పెళ్ళికి సంబంధం చూడటంలోనూ ఒకటే చిక్కు. వచ్చినవాళ్ళు ఆ పూటకి బట్టలతోపాటు బుద్ధిని కూడా ఇస్త్రీ చేయించుకుని వస్తారు. చూసేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఉన్న గొడవలన్నీ లోపలి గదిలోకి తోసేసి గుమ్మానికి కొత్త పరదా కడతారు. మూడు ముళ్ళూ పడ్డాక, ఆఫీసైతే మొదటి జీతం పడ్డాక, అసలు రంగులు బయటపడతాయి. దమయంతికి ఏడాదిలో ఈ ముచ్చట రెండుసార్లు తీరింది. అందుకే మూడోసారి ఆఫీసు ఇంజినీరు నూకరాజు తన పలకలు పట్టుకొచ్చి "ఈసారి వీటిని అడుగుదాం మేడం" అంటే సరేనంది.

దమయంతి నడిపే ‘నిశ్చల కన్సల్టెంట్స్’ అంటే విశాఖపట్నం సీతమ్మధారలో మందుల షాపు పైన రెండు గదులు, ఒక వరండా. మిల్లులో మిషను అదిరి గోడలు బీటలిచ్చినా, జనరేటరు హోరుకి చుట్టుపక్కలవాళ్ళకి నిద్ర లేకపోయినా వీళ్ళని పిలుస్తారు. వీళ్ళు వెళ్ళి ఎక్కడ ఎంత అదురుతోందో కొలిచి మందు చెబుతారు. ఆ మందు చాలాసార్లు ఒకటే, మిషను కాళ్ళ కింద దళసరి రబ్బరు ప్యాడ్లు. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా దమయంతి ముందుగా అడిగే మాట కూడా ఒకటే. "ప్యాడ్లు ఎప్పుడు మార్చారు?" వణుకు మాయమైపోదు బాబూ, ప్యాడ్‌లోకి పోతుంది, దాన్ని తినేస్తుంది అని యజమానులకి చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది.

ఊరందరి అదురూ తగ్గించే ఆ ఆఫీసు ఏడాదిగా తనే అదిరిపోతోంది. రత్నాలమ్మగారు మానేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆఫీసు మేనేజరుగా ఫోన్లు, బిల్లులు, వచ్చేపోయేవాళ్ళు, అన్నీ ఆవిడే చూసుకునేది. అవన్నీ ఎవరైనా చూస్తారు, ఆవిడ అసలు పని వేరు. నూకరాజుకీ, డ్రాయింగులు వేసే కోటేశ్వర్రావుకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాళ్ళ గొంతులు లేచేసరికి రత్నాలమ్మ టీ కప్పులతో లోపలికొచ్చి, "ఏటి బాబూ, మీ పాపకి జొరం తగ్గినాదా?" అని ఓ కుర్చీ లాక్కుని కూర్చునేది. అంతే, గొడవ ఏమైపోయేదో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి ఆవిడ "ఆయాసం వస్తంది తల్లీ, మెట్లెక్కలేకపోతన్నాను" అని మానేసింది. తరవాత వచ్చిన ఒకావిడ నెల తిరక్కుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఇంకొకాయన మధ్యాహ్నం భోజనానికని వెళ్ళి ఇప్పటికీ రాలేదు. కుర్ర ఇంజినీర్లు కూడా వేరేచోట్లు వెతుక్కుంటున్నారని దమయంతికి తెలుసు. ఇలాగే సాగితే వచ్చే వేసవికి బోర్డు దించెయ్యాలి.

ఇక పలకల సంగతి. చెయ్యి వెడల్పున, బిస్కెట్టంత మందాన ఉంటాయి. పెద్ద మిషన్ల లోపలి పగుళ్ళ చప్పుడు వినడానికని నూకరాజు వాటిని తయారుచేశాడు. పరీక్షకి వేరే చోటు లేక ఆఫీసులో దమయంతి, కోటేశ్వర్రావు, తన కుర్చీల కిందే పెట్టాడు. చూస్తే మిషన్ల సంగతి అటుంచి, కుర్చీలో కూర్చున్న మనిషి గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం తెరమీద గీతలై నడిచాయి. సరదాగా ఉందని వాటిని తియ్యకుండా వదిలేశాడు. రత్నాలమ్మ పనిచేసిన ఆఖరి నెలల్లో తమ గీతలూ, ఆవిడ వెళ్ళాక గీతలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అతనికి మతిపోయింది. ఆవిడ గదిలో అడుగుపెట్టగానే అందరి గీతలూ నెమ్మదించి, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నడిచేవి. ఆవిడ లేని రోజుల్లో అవి చిన్నపిల్లలు గోడమీద గీసిన పిచ్చిగీతలు.

"మనకి కావలసింది డిగ్రీ కాదు మేడం. గదిలోకి వస్తే ఈ గీతలు పడుకోవాలి" అన్నాడు నూకరాజు.

పేపర్లో జూనియర్ ఆఫీస్ మేనేజర్ కావాలని వేశారు. ఇంటర్వ్యూ రోజు దమయంతి, నూకరాజు, కోటేశ్వర్రావు కూర్చున్న కుర్చీల కింద తలో పలకా ఉంది. వచ్చినవాళ్ళ కుర్చీ కింద లేదు. అక్కడా ఒకటి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఎంబీయే చదివిన కుర్రాడు అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెప్పాడు. గీతలు ఎగిరాయి. బ్యాంకులో చేసి వచ్చిన ఒకావిడ ఆఫీసంతా కలియజూసి ముక్కు చిట్లించింది. గీతలు ఇంకా ఎగిరాయి. తరవాతి మనిషిని పిలిచేలోగా ఒక రిపోర్టులో తప్పు ఎవరిదన్న మాట మీద నూకరాజు, కోటేశ్వర్రావు ఒకళ్ళనొకళ్ళు తినేసేలా చూసుకుంటున్నారు. అప్పుడు వచ్చింది నాగావళి. ఆమదాలవలస పిల్ల, బీకాం, పాతికేళ్ళుంటాయి.

"మీరు మాట్లాడుకోండి సార్, నాకేం తొందర లేదు" అని కూర్చుంది. ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తిరిగి వింది. తల ఊపలేదు, సర్దిచెప్పలేదు, వింది అంతే. కాసేపటికి కోటేశ్వర్రావు గొంతు తగ్గింది. "నేనే చూసుకోలేదేమోలే" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం ఆఫీసులో ఎవరూ ఎరగరు. తెరమీద గీతలు మూడూ పడుకున్నాయి.

దమయంతికి ఒళ్ళు తేలికైంది. ఎన్నాళ్ళకో హాయిగా ఊపిరి తీసుకున్నట్టుంది.

"ఇంతకుముందు రెండుచోట్ల చేశారు కదా. ఎందుకు మానేశారు?" అని అడిగింది.

"పని బాగానే ఉండేదండి. అందరూ మంచిగానే చూసేవారు. కొన్నాళ్ళయ్యాక ఏటో ఒంట్లో ఓపిక పోయేది. మా అమ్మ దిష్టి తగిలిందని తీసేది. ఈసారి అలా మానను మేడం. ఈ నెలలోగా ఉద్యోగం దొరక్కపోతే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికెళ్ళిపోవాలి."

"ఇంటికెళ్తే ఏమవుతుంది?"

"మా నాన్న, ఇద్దరు చిన్నాన్నలు, అందరిదీ ఒకటే వాకిలండి. రోజూ ఏదో ఒక తగువు. ఏది వచ్చినా నాగావళిని పిలవండి అంటారు" అని నవ్వి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. రెండు చేతులతో పట్టుకున్నా నీళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఇంటర్వ్యూ బెదురు కాబోలు అనుకుంది దమయంతి.

ఆ పిల్ల మెట్లు దిగీదిగకముందే నూకరాజు, "ఇంకేటి మేడం ఆలోచన? సోమవారం నుంచి రమ్మందాం" అన్నాడు. రత్నాలమ్మ ఉన్నప్పటి గీతలు, ఈ పిల్ల వచ్చినప్పటి గీతలు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి అప్పుడే పంపించేశానని కూడా చెప్పాడు. తమ ఆఫీసులన్నిటికీ మనుషుల్ని ఈ పలకలతోనే ఏరుకుంటామని వాళ్ళు ఉబలాటపడుతున్నారట.

ఎందుకో దమయంతి ఒక్క రెండు రోజులు ఆగమంది.

ఇంటికెళ్ళేసరికి కూతురు మైథిలి మొహం ముడుచుకుని ఉంది. కాలేజీకి స్కూటీ కావాలని దాని పేచీ. పగలంతా పడ్డ చిరాకు దమయంతి దానిమీద చూపించింది. అది రెండంది, ఈమె నాలుగంది. లోపల్నుంచి భర్త ప్రభాకరం వచ్చి, "స్కూటీ కొంటే మీ అమ్మ వెనకాల కూర్చుని బ్రేకులు వేస్తుందే, ఆలోచించుకో" అన్నాడు. మైథిలికి నవ్వొచ్చింది. దమయంతికీ వచ్చింది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఆ మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు గుడిలా ఉంటుందని పక్కింటావిడ ఎప్పుడూ అంటుంది. భోజనాల దగ్గర అతను మామూలుగానే "ఏంటి సంగతులు?" అని అడిగాడు. దమయంతి పొద్దున్నించి జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. అతను అన్నం కలుపుతూ విన్నాడు. చెప్పడం అయ్యేసరికి ఆమెకి కడుపూ మనసూ రెండూ నిండాయి. అతను సగం అన్నం వదిలేసి బీపీ మాత్ర వేసుకున్నాడు.

మర్నాడు ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో పని పడింది. కంప్రెసరు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"మిషను పువ్వులాగుందండి" అన్నాడు ఫోర్‌మన్ గర్వంగా.

"ప్యాడ్లు ఎప్పుడు మార్చారు?"

"ప్యాడ్లా? వాటినెవరు సూస్తారండి, అవి కిందుంటాయి గదా."

దమయంతి గొంతుక్కూర్చుని మిషను కాలి కింద చెయ్యి పెట్టింది. రబ్బరు కాలుతోంది. అంచు వేలికి తగలగానే పొడిపొడిగా రాలింది. ఇలాంటివి ఆమె చాలా చూసింది. కానీ ఇవాళ ఆ చెయ్యి వెనక్కి తియ్యలేకపోయింది. నాగావళి రెండు చేతుల మధ్య కదిలిన మంచినీళ్ళు గుర్తొచ్చాయి. మెట్లెక్కలేకపోతన్నాను తల్లీ అన్న మాట గుర్తొచ్చింది.

అక్కడినుంచే నూకరాజుకి ఫోన్ చేసింది. "పలక మనం ఎవరి కుర్చీ కింద పెట్టలేదు?"

అతనికి ముందు అర్థం కాలేదు. "మిషన్ల కిందే పెట్టుకున్నాం మేడం" అన్నాడు అర్థమయ్యాక. ప్యాడ్లు చూడరేంటయ్యా అని లోకాన్నంతా తిట్టేవాళ్ళు, తమ ఆఫీసులో ప్యాడ్ వంక చూడనేలేదు.

సాయంత్రం ఇద్దరూ గోపాలపట్నంలో రత్నాలమ్మ ఇంటికి వెళ్ళారు. కాజాలు పట్టుకెళ్ళారు. ఆవిడ చిక్కిపోయింది, గుండె బలహీనమని డాక్టర్లు చెప్పారట. వచ్చిన పని దాచకుండా చెబితే, "ఏటో మీ చదువులు, పెట్టుకోండి" అంది. ఆవిడ కుర్చీ కింద ఒకటి, దమయంతి కుర్చీ కింద ఒకటి పలక పెట్టి నూకరాజు ల్యాప్‌టాప్ తెరిచాడు. మనవల మాట, కూరల మాట నడుస్తున్నంతసేపూ ఆవిడ గీత బుద్ధిగానే ఉంది.

తరవాత దమయంతి ఆఫీసు మాట ఎత్తింది. పరీక్ష కోసమనే ఎత్తింది. కానీ రెండు మాటలు మాట్లాడేసరికి అది పరీక్ష కాకుండా పోయింది. బోర్డు దించెయ్యాల్సొస్తుందేమో రత్నాలమ్మగారూ, ఎవరికి చెప్పుకోవాలో తెలీడం లేదు అంటూ చెప్పుకుపోయింది. రత్నాలమ్మ కుర్చీలోంచి ముందుకి వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఊరుకో తల్లీ. అన్నీ అవే సర్దుకుంటాయి." దమయంతికి ఎప్పటిలాగే ఒళ్ళు తేలికైంది. పక్కనుంచి నూకరాజు, "మేడం, చాలు. ఆపండి" అన్నాడు.

తెరమీద దమయంతి గీత పడుకుంటోంది. రత్నాలమ్మ గీత పరుగుమీద మెట్లెక్కుతున్న మనిషి గీతలా ఉంది. ఆవిడ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

దమయంతికి ఏడుపొచ్చింది. "ఇదంతా మావల్లేనా?" అంది.

"నాకు తెలుసమ్మా" అంది రత్నాలమ్మ నిదానంగా. "పేరు తెలీదు గానీ, తెలుసు. సాయంత్రం బస్సెక్కితే ఒళ్ళంతా రోట్లో ఏసి దంచినట్టుండేది. మీరు అడగలేదు, నాను చెప్పలేదు. అడిగుంటే చెప్పేదాన్నేమో." కాజా తుంచుతూ అడిగింది. "పోనీలే, అయిందేదో అయిపోయినాది. ఆ పిల్ల ఉంది గదా. తెలిసి తెలిసి ఇప్పుడేటి చేస్తారు?"

తిరిగి వస్తున్నప్పుడు కారులో నూకరాజు, "జీతం పెంచి ఇద్దాం మేడం. మనం వద్దంటే ఇంకోచోట చేరదా? అక్కడ ఇది తెలిసినవాళ్ళు కూడా ఉండరు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. తీసుకుంటే తన ఆఫీసు నిలబడుతుంది, ఆ పిల్ల అరిగిపోతుంది. వద్దంటే ఆ పిల్ల ఆ వాకిట్లోకే తిరిగి వెళుతుంది. ఆ పిల్లని పిలిచి వద్దని చెప్పేద్దామని దమయంతి ఇల్లు చేరేలోగా నిశ్చయించుకుంది.

మర్నాడు పిలిస్తే నాగావళి వచ్చింది. ఈసారి ఆమె కుర్చీ కింద కూడా పలక పెట్టారు. దమయంతి మొదట్నుంచి అంతా విప్పి చెప్పింది. నమ్మకం కలగడానికి, ఆగిపోయిన ఆ రిపోర్టు తగువు మళ్ళీ మొదలుపెట్టమని మగాళ్ళిద్దరికీ చెప్పింది. వాళ్ళకి నటించాల్సిన అవసరం రాలేదు. తెరమీద వాళ్ళ గీతలు ఎగిరి, నెమ్మదిగా దిగాయి. ఎర్రరంగులో ఉన్న నాలుగో గీత మాత్రం దిగకుండా లేస్తూనే ఉంది. నాగావళి దాన్నే చూస్తోంది. అది తనదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అయితే దిష్టి కాదన్నమాట" అంది.

"కాదమ్మా. ఈ ఉద్యోగం నీకు వద్దని చెప్పడానికే పిలిచాను. రత్నాలమ్మగారిలా నువ్వు కూడా అయిపోతే నేను తట్టుకోలేను."

నాగావళి తెరమీంచి తల తిప్పింది. ఆమె కళ్ళలో కోపం కనిపించింది.

"వద్దంటే నేనెక్కడికి పోతాను మేడం? ఇంటికే కదా. అక్కడా ఇదే పని. జీతం ఉండదు, పలకా ఉండదు."

నాగావళి ఎదురుగా ఉన్న గోడవైపు చెయ్యి చూపించింది.

"నేను చేరతాను. కానీ ఈ గీత నాకు కాదు, మీకు కనబడాలి. ఆ గోడకి పెట్టండి. అది లేచినప్పుడు నేను కూడా లేచి వరండాలోకి వెళ్ళిపోతాను. బిల్లులు, ఫోన్లు, ఆఫీసు పనంతా నేను చూసుకుంటాను. మీ గొడవ మాత్రం మీరే పడాలి."

"మరి మాకు తగ్గకపోతే?" అన్నాడు కోటేశ్వర్రావు చిన్నపిల్లాడిలా.

"అరుచుకోండి సార్. అలిసిపోతే మీరే ఆగుతారు."

ఆ పూటే తెర గోడకెక్కింది. హైదరాబాదు కంపెనీకి నూకరాజు ఫోన్ చేసి, వచ్చే మనిషి కుర్చీ కింద కూడా పలక పెట్టి, ఆ గీత అందరికీ చూపిస్తామంటేనే ఇస్తానన్నాడు. వాళ్ళు ఆలోచించి చెబుతామన్నారు. ఇంతవరకూ చెప్పలేదు.

నాగావళి చేరిన రోజు మధ్యాహ్నం ఏదో కొలత దగ్గర నూకరాజు గొంతు లేచింది, కోటేశ్వర్రావుదీ లేచింది. గోడమీద ఎర్రగీత లేవగానే ఆ పిల్ల ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. వీళ్ళు కాసేపు అరిచారు. వినేవాళ్ళు లేని గదిలో ఎంతసేపని అరుస్తారు? కోటేశ్వర్రావు డ్రాయింగు తీసి బల్లమీద పరిచాడు. నూకరాజు గొణుక్కుంటూ టేపు తెచ్చాడు. మళ్ళీ ఓసారి కొలిచారు. ఆఫీసు గుడిలా లేదు, శనివారం సంతలా ఉంది, కానీ పని నడిచింది. దమయంతికి మాత్రం తల దిమ్మెక్కిపోయింది. ఇన్నాళ్ళూ తన బదులు ఎవరో ఒకరు మోసినది ఎంతుందో ఆరోజు తెలిసింది.

ఆ తలనొప్పితోనే ఇంటికి వెళ్ళింది. ప్రభాకరం తలుపు తీసి, చేతిలో సంచీ అందుకుని, "ఏంటి సంగతులు?" అన్నాడు.

చెప్పడానికి దమయంతి నోరు తెరిచింది. రోజంతా పడ్డదంతా నాలుక చివరే ఉంది. అక్కడా ఇదే పని అన్న నాగావళి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. అతన్ని సోఫాలో కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుంది.

"నాడి చూస్తున్నావా? వైద్యం ఎప్పుడు నేర్చుకున్నావు?" అని నవ్వాడు. మొహం ఎప్పటిలాగే హాయిగా ఉంది. ఆమె వేలి కింద నాడి మాత్రం పరుగులు పెడుతోంది.

"ముందు మీరు చెప్పండి. మీ సంగతులేంటి?"

"నాకేముంటాయి?"

"ఏవో ఒకటి చెప్పండి."

"అమ్మా, అన్నం పెట్టవా?" లోపల్నుంచి మైథిలి కేకేసింది. నువ్వే పెట్టుకో అని దమయంతి కదలకుండా కూర్చుంది. అతను ఆమెవంక చూశాడు, ఫ్యానువంక చూశాడు. ఏదో జోకు వెయ్యబోయి, అది రాక, గొంతు సవరించుకున్నాడు.

"నా క్లాసులన్నీ తీసేశారు. వేరే కుర్రాడికిచ్చారు. రోజూ వెళ్ళి స్టాఫ్ రూములో కూర్చుని వస్తున్నాను."

"ఎప్పటినుంచి?"

"జూన్ నుంచి."

సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. ఇన్ని నెలలూ ఈ మనిషి రోజూ దమయంతి ఆఫీసు కబుర్లు విన్నాడు. అతను చెప్పుకుపోతున్నాడు, ముందు ఆగి ఆగి, తరవాత ఆగకుండా. ప్రిన్సిపాలు ఏమన్నాడో, పిల్లలు వరండాలో ఎదురుపడి మాకెందుకు చెప్పడం లేదు సార్ అంటే తనేమన్నాడో చెప్పాడు. చెబుతున్నకొద్దీ వేలి కింద నాడి నెమ్మదించింది. తన గుండె దడదడ కొట్టుకోవడం, అరచేతులకి చెమట పట్టడం దమయంతికి తెలుస్తూనే ఉంది. ఆమె చెయ్యి తియ్యలేదు.